నలిగిన నిమ్మకాయలు

‘రెండు సీట్ల బండి’ – పదకొండో భాగం

వడమాలపేట షెడ్డులో నేల మీదికి వంగిన వేదవల్లిని వారం రోజులుగా మనం అలాగే వంచి ఉంచాం. పాపం, ఇక ఆవిడను నడుమెత్తనిద్దాం.

ఆమె చేతికి దొరికింది ఒక నిమ్మకాయ. ఎండి, నల్లబడి, అప్పడంలా చదునైపోయింది. తొక్క మీద టైరు గీతలు అచ్చుపడ్డాయి. ఆ గీతల సందుల్లో కుంకుమ మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. వేదవల్లి తిరుపతిలో ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. ఆమె భర్త సంపత్కుమార్ దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. ఈ పెద్దమనిషి రెండేళ్ళ కిందట బంగారుపాళ్యంలో ఓ మామిడితోపు కొలతలకు వెళ్ళి, తాటాకుల కప్పు కింద ఒక పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారును చూశాడు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, సైకిలు చక్రాలకున్నట్టు పుల్లల చక్రాలు. సీట్లో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. తోపు యజమానురాలు శకుంతలమ్మ, “మా ఇంటాయన బండి నాయనా. నడిపించి, నన్ను ఒక్కతూరి కూర్చోబెట్టి తిప్పు. ఆ తర్వాత నీదే” అంది. అంతే, ఆ రోజు నుంచి సంపత్కుమార్ ఆదివారాలు, పండగలు, సెలవులు అన్నీ వడమాలపేట మెకానిక్ కుప్పుస్వామి షెడ్డు పాలైపోయాయి. ఇంట్లో ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ నట్లూ బోల్టులే. ఓ శుక్రవారం అత్తగారు వరదమ్మ కార్బొరేటరు ఇత్తడి మూతను పూజగిన్నె అనుకుని చింతపండుతో తోమి, పంచపాత్ర పక్కన పెట్టి, పువ్వు కూడా పెట్టింది. దాన్ని చూసి సంపత్కుమార్ నవ్వలేదు సరికదా, ఇంత బాగా తళతళలాడేలా తోమడం ఎలాగో తల్లిని అడిగి తెలుసుకున్నాడు.

ఇన్నిటినీ వేదవల్లి భరించడానికి ఒక ఒప్పందం ఉంది. బండి కూత పెట్టిన రోజున సంపత్కుమార్ పానాలు కింద పెట్టేస్తాడు. అప్పుడు చిత్తూరులో ఇల్లు తీసుకుంటారు. ఎందుకంటే వేదవల్లికి అక్కడి బడికి హెడ్మిస్ట్రెస్‌గా వెళ్ళే వంతు వచ్చింది. పోయిన జనవరిలో ఆర్డరు వస్తే, “బండి ఇంకా గొంతు విప్పలేదు వేదా, ఆర్నెల్లు ఆగరాదా” అన్నాడు. ఆమె ఆగింది. ‘కుటుంబ కారణాల వల్ల’ అని తన చక్కటి చేతిరాతతో రాసి, ఆర్డరు తిప్పి పంపింది. ఇప్పుడు రెండో ఆర్డరు వచ్చింది. రేపు సోమవారం బడులు తెరుస్తారు. పది గంటలకల్లా వెళ్ళి చేరకపోతే ఆమె పేరు జాబితాలో అడుక్కి పోతుంది, మళ్ళీ పైకి రావడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. ఆ సంగతి అటో ఇటో తేల్చుకోవడానికే ఆమె ఈ ఆదివారం మధ్యాహ్నం దద్దోజనం క్యారియరు పట్టుకుని బస్సెక్కింది.

ఇక నిమ్మకాయ దగ్గరికి వద్దాం.

ఆయుధపూజ నాడు బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, స్టార్ట్ చేసి వాటి మీదుగా నడిపించడం మోటారు బండి ఉన్న ప్రతివాడూ చేసే పనే. కదలని బండి కింద పెట్టిన నిమ్మకాయ గుండ్రంగానే ఎండి గోలీకాయలా గట్టిపడుతుంది. ఇది నలిగింది. వేదవల్లి పైట బొడ్లో దోపుకుని, బండి చుట్టూ తిరిగి మూలమూలా వెతికింది. రెండోది దొరికింది. మూడోది ఇటుకల పక్కన, నాలుగోది గోనెసంచి కింద. నాలుగూ నలిగినవే.

బండి ఇప్పుడు ఇటుకల దొంతుల మీద నిలబడి ఉంది. చక్రాలు గోడకు ఆనించి ఉన్నాయి. ఇంజను మీది రేకు ఎత్తి ఉంది. పక్కన పరిచిన పాత పేపరు మీద రెండు కార్బొరేటర్లు ముక్కలు ముక్కలుగా, వరసగా, వడ్డించిన విస్తరిలా ఉన్నాయి.

“కుప్పుస్వామన్నా, ఈ బండి ఎప్పుడు నడిచింది?”

కుప్పుస్వామి గుమ్మంలో నిలబడి టీ తాగుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా లారీలు బాగుచేస్తున్న చెయ్యి ఆయనది. షెడ్డు ఆయనదే.

“నడిసిందా? యాడ నడిసిందమ్మా...” అని మొదలుపెట్టి, ఆమె అరచేతిలో ఉన్న నాలుగింటినీ చూసి గ్లాసు కింద పెట్టేశాడు. “నిమ్మకాయల మీద బండిని తోసినామని సెప్పమన్నాడు సామి. మీరు ఎప్పుడన్నా అడిగితే అట్లే సెప్పల్లని రెండు తూర్లు నేర్పించినాడు గూడా. మీ మొగం సూసినాక నా నోటికి రాలేదు.”

“నిజం చెప్పన్నా.”

“దసరాకే నడిసింది తల్లీ. నేను పక్కన కూసోనుండా. పుత్తూరు దాకా పోయి, ఇడ్లీ తిని, తిరిగొచ్చినాం. గొర్రెలు మేపేవాళ్ళు, బస్సులో వాళ్ళు అందరూ సూసినోళ్ళే. సామి అయితే సిన్నపిల్లోని మాదిరి నవ్వినాడు.”

“మరి మళ్ళీ ఎందుకు విప్పినారు?”

“అదే నాకూ అంతుబట్టలేదు. మర్నాడే విప్పేసినాడు. శివరాత్రికి బిగించినాం, నడిసింది, మళ్ళా విప్పినాడు. ఉగాదికి బిగించినాం, నడిసింది. ఇదో, మూడో తూరి విప్పి పెట్టినాడు. ఏమో శబ్దం ఉండాదంటాడు. నా సెవికైతే ఏమీ వినబళ్ళేదమ్మా.”

వేదవల్లికి ఒళ్ళు మండిపోయింది. లెక్కల టీచరు కదా, లెక్క వెంటనే తేలింది. దసరాకి బండి నడిచింది. జనవరిలో ఆమె ఆర్డరు తిప్పి పంపింది. మధ్యలో మూడు నెలలు ఈ మనిషి రోజూ ఆమె వండినది తిని, ఆమె పక్కన కూర్చుని, “ఇంకా గొంతు విప్పలేదు” అని చెబుతూ వచ్చాడు. కన్నీళ్ళు వచ్చినంత పని అయింది. కానీ ఆ కోపం అడుగున ఇంకొకటి కదిలింది, అది ఆమెకే వింతగా తోచింది. ఇంకో ఆడదాన్ని దాచిపెట్టిన మొగుణ్ణి నిలదీయడానికి లోకంలో మాటలు ఉన్నాయి. నడిచే బండిని నడవలేదని దాచిపెట్టినవాణ్ణి ఏమని అడగాలి? నడిచే బండిని ఎవడైనా ఎందుకు విప్పుతాడు? నిజంగా ఆమెకు తెలుసుకోవాలనిపించింది.

సంపత్కుమార్ సైకిలు మీద వచ్చాడు. పుత్తూరు నుంచి ఇంజను మూతల సందులో వేసే ప్యాకింగ్ అట్ట చుట్టి తెస్తున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, నుదుట నిలువు నామం చెమటకు కారి ముక్కు మీదికి వచ్చింది. భార్యను చూసి “నువ్వు ఎప్పుడొచ్చినావు వేదా?” అని సంతోషపడబోయాడు. అంతలో ముందు చక్రం మడ్‌గార్డు మీద ఆమె వరసగా పేర్చిన నాలుగు నిమ్మకాయలు కనబడ్డాయి. ఆయన సైకిలుకు స్టాండు వెయ్యడం మర్చిపోయాడు. సైకిలు పడిపోయింది.

“తోసినాము...” అన్నాడు.

“ఆ పాఠం కుప్పుస్వామన్న ఒప్పజెప్పలేకపోయినాడు. మీరూ మొదలుపెట్టొద్దు” అంది వేదవల్లి.

కుప్పుస్వామి టీ గ్లాసు కడగాల్సిన పని గుర్తొచ్చి బయటికి వెళ్ళాడు.

“జనవరిలో ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే అయిపోతుంది గదా.”

“ఏం అయిపోతుంది?”

“అంతా. పానాలు కింద పెట్టాల్సి వస్తుంది. మాట ఇచ్చినాను గదా నీకు.”

ఇంత నిజాయితీగా అబద్ధమాడేవాణ్ణి ఏం చెయ్యాలో వేదవల్లికి తెలియలేదు. ఆమె కేకలు వెయ్యలేదు. బడిలో కూడా వెయ్యదు. గొంతు తగ్గించి, “నా చేతులతో నేను రాసినాను ఆ ఉత్తరం. కుటుంబ కారణాలు అని. ఆ కుటుంబం ఇదా?” అని పేపరు మీది ముక్కల్ని చూపించింది. సంపత్కుమార్ తల దించుకున్నాడు. తప్పు చేశానని ఆయనకు తెలుసు, ఆ తెలియడం మొహంలో కనబడుతూనే ఉంది.

“శబ్దం సంగతి ఏమిటి? అది కూడా కల్పించినదేనా?”

ఆ మాటకు మాత్రం ఆయన తల ఎత్తాడు.

“లేదు వేదా. దేవుడి తోడు లేదు. మీ నాయన గుడిలో గోష్ఠికి ముందు నిలబడి ఆళ్వారుల పాశురాలు చదివేవాడే, వెనకాల ఇరవైమంది చదువుతా ఉంటారు. అందులో ఎవరో ఒకాయన ఒక అక్షరం మింగేస్తాడు. ఎవరికీ తెలీదు. మీ నాయనకు తెలిసిపోయేది. చదవడం ఆపకుండానే మెడ తిప్పి సరిగ్గా ఆయన్నే చూసేవాడు. జ్ఞాపకం ఉండాదా? ఇదీ అంతే. ఇంజను బాగా చదువుతా ఉంటుంది, ఉన్నట్టుండి ఒక అక్షరం మింగుతుంది. యాడ మింగుతుందో పట్టుకుందామని విప్పుతాను. విప్పితే ఇంకోటి కనబడుతుంది, దాని కింద ఏముందో చూద్దామనిపిస్తుంది. అది చూసినాక ఇంకోటి. చీకటి పడిపోతుంది.” ఆయన ఆగి, చిన్నగా అన్నాడు. “కుప్పుస్వామికి వినబళ్ళేదంటాడు. నాకొక్కడికే వినబడుతుంది. ఒక్కోసారి నాకే ఏమన్నా అయిందేమోనని భయమేస్తుంది.”

వేదవల్లి తండ్రి శఠగోపం ఆమెకు ఆస్తి ఏమీ ఇవ్వలేదు. ఆ చెవిని మాత్రం ఇచ్చాడు. పదేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని పాట నేర్పాడు. ఇప్పటికీ ఖాళీగా కూర్చుంటే చాలు, ఆమె కుడిచెయ్యి తనంతట తను తొడ మీద తాళం వేస్తుంది. పరీక్ష గదిలో కాపలా కూర్చున్నప్పుడు అలా వేస్తుంటే పిల్లలు నవ్వుకుంటారు. ఆమెకు మాత్రం తెలియదు.

“బిగించండి. నేను వింటాను” అంది.

“ఇప్పుడా?”

“ఇప్పుడే. నేను విని, శబ్దం లేదంటే ఏం చేస్తారు?”

“నీ చెవి మీ నాయన చెవి. నువ్వు లేదంటే లేదు. నాకే ఏదో అయిందనుకుంటా. పానాలన్నీ కుప్పుస్వామికి ఇచ్చేసి, రేపు పొద్దున నిన్ను ఈ బండిలోనే చిత్తూరుకు తీసుకపోతా. మీ బడి గేటు ముందర దించుతా. అక్కణ్ణించి బంగారుపాళ్యం పోయి శకుంతలమ్మకు కూడా చెప్పొస్తా.”

“ఉందంటే?”

సంపత్కుమార్ ప్యాకింగ్ అట్ట అందుకున్నాడు. ఆ ప్రశ్నకు ఆయన కళ్ళు ఎంత వెలిగాయంటే, వేదవల్లికి జవాబు అక్కర్లేకపోయింది.

పని మొదలైంది. గంటలో బిగించేస్తారు, విని మూడు గంటల బస్సుకు వెళ్ళిపోదామనుకుంది వేదవల్లి. ఎదురుగా బోర్లించిన డబ్బా మీద కూర్చుంది. సంపత్కుమార్ కార్బొరేటరు గుండ్రటి గిన్నెలోకి ఒక సన్నటి సూదిని దించుతున్నాడు.

“ఏమిటది?”

“పెట్రోలు ఎంత పోవాల్నో ఇది చెప్తుంది. లావుగా ఉండే చోట తక్కువ, సన్నగా ఉండే చోట ఎక్కువ.”

“అంటే సూది పైకి లేచేకొద్దీ సందు పెరుగుతుంది.”

“అదే.”

“ఎవరు లేపుతారు దాన్ని?”

“గాలి.”

“గాలి ఎట్లా లేపుతుంది?”

సంపత్కుమార్ చేస్తున్న పని ఆపి భార్య వంక చూశాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమె ఆయన్ని ఇలాంటి ప్రశ్న అడగలేదు. ఆయన పేపరు అంచు చింపి బొమ్మ గీశాడు. ఆమె ఆ పెన్సిలు లాక్కుని బొమ్మలో తప్పు దిద్దింది. కాసేపటికి స్ప్రింగు పట్టుకునేందుకు మూడో చెయ్యి కావలసి వచ్చింది, ఆ చెయ్యి వేదవల్లిదే అయింది. వేళ్ళకు నూనె అంటింది. “అట్లా కాదు, ఇటు తిప్పితే కూర్చుంటుంది చూడండి” అని ఆమె అన్నది కూడా ఒకసారి కాదు. అత్తగారు పువ్వు పెట్టిన ఇత్తడి మూతను తనే బిగించింది.

“అమ్మా, మూడు గంటల బస్సు పోయి సానాసేపయింది” అన్నాడు కుప్పుస్వామి.

“అప్పుడే మూడయిందా?”

“నాలుగున్నర.”

ఆమె చేతిలో పానా ఉంది. దాన్ని ఎప్పుడు తీసుకుందో ఆమెకు గుర్తు లేదు. గబుక్కున కింద పెట్టేసింది.

చక్రాలు ఎక్కించారు. బండిని ఇటుకల మీద నుంచి దించారు. సంపత్కుమార్ లోపల కూర్చుని మీట లాగాడు. ఇంజను రెండుసార్లు దగ్గింది. మూడోసారి పట్టుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. ఆయన కాలు కొంచెం వదిలాడు. ఇంజను కుదురుకుని, ఒకే శ్రుతిలో చదవసాగింది. వేదవల్లి పైట కొంగును రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుంది.

మొదట ఏమీ లేదు. అంతా చప్పుడే. కుప్పుస్వామి చెప్పిందే నిజమనుకుంది. ఆ తర్వాత చప్పుడులోంచి లయ విడిపడింది. ఆమె మనసులో లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. ఎనిమిదో చోట ఇంజను ఒక్క క్షణం గుటక వేసింది. మళ్ళీ ఏడు. మళ్ళీ గుటక. వెంట్రుకంత తేడా. కానీ ఉంది. పొద్దునే పక్క గదిలోంచి తండ్రి గొంతు విన్నంత స్పష్టంగా ఉంది.

ఆమె కళ్ళు తెరిచింది. సంపత్కుమార్ పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లవాడిలా ఆమెనే చూస్తున్నాడు. ఎనిమిది నెలలు ఒక్కడే విన్నాడు. తనకు పిచ్చి పట్టలేదని చెప్పడానికి ఒక్క మనిషి చాలు. ఆ మనిషి తనే. ఆ మాట చెబితే ఆయన ఎంత ఆనందపడతాడో ఆమెకు తెలుసు. ఆ ఆనందంలో ఇంజను రేకు మళ్ళీ ఎత్తుతాడని, పేపరు మళ్ళీ పరుస్తాడని, చిత్తూరు బడి గేటు ఇంకో ఏడెనిమిదేళ్ళు మూసుకుంటుందని కూడా తెలుసు.

“వినబడిందా వేదా?”

“లేదు” అంది వేదవల్లి. “ఏమీ లేదు. బాగా ఉంది.”

జీవితంలో ఆమె ఆయనతో ఆడిన మొదటి అబద్ధం అది. ఆయన ఆడినదానికి ఇది చెల్లు అని సర్దిచెప్పుకుంది గానీ, గుండె ఒప్పుకోలేదు.

సంపత్కుమార్ మొహంలోకి నవ్వు వచ్చింది. ఆ నవ్వులో ఏదో పోగొట్టుకున్న వెలితి కూడా ఉంది. “అట్లయితే నాకే” అని, చెవి రుద్దుకున్నాడు. దిగి వచ్చి ఇంజను రేకు మూశాడు. పానాల సంచి కుప్పుస్వామి చేతికి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం వదల్లేకపోయాడు, తర్వాత వదిలేశాడు.

కుప్పుస్వామి కొట్టుకు పోయి నాలుగు పచ్చి నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టాడు. “ఇదే ఆకరి తూరి గావల్ల సామీ. నా నిమ్మకాయలన్నీ మీ బండికే సరిపోతా ఉండాయి” అన్నాడు. బండి కదిలింది. నాలుగూ చిట్లాయి. షెడ్డంతా నిమ్మ వాసన వేసింది.

తిరుపతి రోడ్డు మీద ఎండ మెత్తబడింది. ఎదురు గాలికి వేదవల్లి కొంగు వెనక జెండాలా లేచింది. ఎద్దుబండి వాళ్ళు, రోడ్డు పక్క తాటిముంజెలు అమ్ముతున్న ఆడవాళ్ళు లేచి నిలబడి చూశారు. సంపత్కుమార్ చిత్తూరులో ఏ వీధిలో ఇల్లు చూడాలో, అమ్మకు ఏ గది ఇవ్వాలో గట్టిగా చెబుతున్నాడు. జనవరి నుంచి ఆమె ఈ మాటల కోసమే ఎదురుచూసింది. ఇప్పుడవి సగం కూడా చెవిన పడటం లేదు.

ఏడు. గుటక.

కొండల వైపు చూసింది. రేపు బడిలో మొదటి గంటకు పిల్లలతో ఏం మాట్లాడాలో ఆలోచించబోయింది. ఏడు. గుటక. చిన్న ఎత్తు ఎక్కుతున్నప్పుడు మాత్రం గుటక రాలేదు. దిగుతున్నప్పుడు వచ్చింది. కాలు నొక్కితే రాదు, వదిలితే వస్తుంది. ఎందుకు? సూది కిందికి దిగినప్పుడే వస్తోందంటే సందు సన్నబడిన చోటే ఏదో ఉంది. రెండింటిలో ఏది? కుడిదా, ఎడమదా? ఎడమదాని స్ప్రింగే కదా కూర్చోనని మొరాయించింది. దాన్ని ఒక్కదాన్నే, ఆ ఇత్తడి మూత ఒక్కటే తీసి చూస్తే... మైలురాయి ఒకటి వెనక్కి పోయింది. ఆ మైలు పొడవునా చిత్తూరు బడి ఆమెకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

సంపత్కుమార్ మాటలు ఎప్పుడు ఆగిపోయాయో ఆమె గమనించలేదు. బండి నెమ్మదించి, రోడ్డు పక్కకు వచ్చి నిలబడింది. ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంది. ఏమైందని ఆమె పక్కకు తిరిగింది. ఆయన రోడ్డును చూడటం లేదు. ఆమె ఒడిలోకి చూస్తున్నాడు.

ఆమె కుడిచెయ్యి తొడ మీద తాళం వేస్తోంది. ఏడు దెబ్బలు వేసి, ఎనిమిదో దానికి గాలిలోకి లేచి, అక్కడే ఆగి, మళ్ళీ ఒకటితో దిగుతోంది. సరిగ్గా ఇంజను గుటక వేసిన చోటే ఆగుతోంది.

వేదవల్లి చప్పున పిడికిలి బిగించింది. అప్పటికే ఆలస్యమైపోయింది. గంట ఆరయింది. చిత్తూరు బడిలో గంట కొట్టడానికి ఇంకా పదహారు గంటలుంది.

సంపత్కుమార్ గొంతులో కోపం లేదు. ఎనిమిది నెలల తర్వాత తోడు దొరికినవాడి గొంతు అది.

“వేదా,” అన్నాడు, “ఎనిమిదో దెబ్బ ఎందుకు వెయ్యలేదు?”